ఎల్లారావు పొడుగు చేతుల చొక్కా

జాలరిపేట పెద్దలకు, పడవల సంఘం సోదరులకు, చేపల బుట్టలు పక్కన దించి వచ్చిన అక్కచెల్లెళ్లకు నమస్కారం. నా చెల్లెలు దేవి భర్త, ఇరవై ఏళ్లు నాతో ఒకే పడవలో వేట చేసిన ఎల్లారావు మనల్ని విడిచి ఇవాళ్టికి పదకొండు రోజులు. సంఘం కార్యదర్శిగా నాలుగు మంచి మాటలు చెప్పి కూర్చోవాలి. కూర్చోలేకపోతున్నాను.

నా వెనకున్న ఫ్లెక్సీ చూడండి. గుండెపోటుతో మరణించాడని ఉంది. రాయించింది నేనే. అది అబద్ధం. నొప్పి తెలియనివ్వని సూదిమందు రోజూ పొడుచుకుని, పొడుచుకున్న చోటల్లా పుండ్లు పడి, ఆ చీము రక్తంలో కలిసి చనిపోయాడు. పరువు పోతుందని నేరం గుండె మీదికి తోశాను.

ఎల్లారావు ఎలాంటివాడో మీకు చెప్పాలా? నడిసముద్రంలో నిలబడి, యారాడ కొండ కొసను సింహాచలం కొండతో వరస చూసుకుని, నీటి కింద చేపలుండే చోటు చెప్పేవాడు. చోటు చూపించే మిషను కొందామని నేనంటే, "కొండలు ఎక్కడికీ పోవు గదా వాసు బావా, ఆ పెట్టి మనకేటికి?" అన్నాడు. అతను వేయమన్న చోట వల వేశాం. పిల్లల్ని చదివించుకున్నాం.

2003లో ఇంజను మోస్తుంటే నడుం పట్టేసింది. ఒక్క సూదితో లేచి, మర్నాడే వేటకొచ్చాడు. మనమేమన్నాం? మగాడంటే ఎల్లారావు అన్నాం. ఆ సూది ఒకటితో ఆగలేదు. మండే ఎండలో పొడుగు చేతుల చొక్కా వేసుకుని పడవెక్కడం మొదలుపెట్టాడు. ఎందుకు బావా అని ఒక్కరైనా అడిగామా?

ఒకరోజు కొండలు చూసి తప్పు చోటు చెప్పాడు. వల రాళ్లకు పట్టి చిరిగిపోయింది. చోటు చెప్పేవాడి మాటకు పడవలో ఎదురు చెప్పకూడదు, అది మన మర్యాద. అందుకని మర్నాటి నుంచి నేనే కొండలు చూసి పడవ నిలిపేవాణ్ణి. అతని నోట మాట వచ్చేదాకా ఆగేవాణ్ణి. "ఇక్కడే బావా" అనేవాడు. "ఇక్కడే" అనేవాళ్లం అందరం. రెండేళ్లు అలా నడిపించాం. అతని పేరు కాపాడుతున్నామనుకున్నాం.

ఇంకొకటుంది. తన చేత్తో పొడుచుకోలేని రోజుల్లో, పడవలో నేనే అతనికి పొడిచాను. చాలాసార్లు పొడిచాను. దేవీ, ఈ సంగతి నీకు ఇవాళే తెలుస్తోంది. నీ ముఖం చూడలేకపోతున్నాను.

జనవరిలో దేవి నా దగ్గరకొచ్చింది. "అన్నియ్యా, ఆయన్ని పడవెక్కించకండి, ఆస్పత్రిలో పెడదాం" అంది. "ఏట ఆపే రోజులొత్తాయి గదా, అప్పుడు సూద్దాం" అన్నాను. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ నడిమికి సర్కారు వేట ఆపిస్తుంది. ఇవాళ మార్చి ఇరవై ఏడు. అతను అందాకా ఉండలేదు.

అయ్యా, ఇంత ఉక్కపోతలోనూ ఈ సభలో నాకు పొడుగు చేతుల చొక్కాలు కనిపిస్తున్నాయి. పేర్లు చెప్పను. రేపు నా పడవ వేటకు పోదు. పొద్దున్నుంచీ ఒడ్డున దాని పక్కనే కూర్చుంటాను. ఎవరొస్తే వాళ్లతో ఆస్పత్రికి వస్తాను. ఏప్రిల్ దాకా ఆగకండి.

ఇక అందరూ లేవండి. ఎల్లారావు కోసం మౌనంగా నిలబడదాం. రెండేళ్లు మౌనంగానే ఉన్నాం. ఇప్పుడు రెండు నిమిషాలు చాలు.