ఇతర వివరాలు

విచారణ నుంచి తిరిగి వచ్చిన సాయంత్రం. వంటింటి బల్లకు ఈ పక్క వదిన, ఆ పక్క మరిది. ఆమె భర్త, అంటే అతని అన్న, ఆస్పత్రిలో పోయి నెల కావస్తోంది.

“టీ సంగతి తర్వాత. ముందు తెర సంగతి చెప్పు.”

“ఏ తెర వదినా?”

“ఆస్పత్రి కంప్యూటర్లో వచ్చే తెర. నువ్వు తయారుచేసింది. ఇవాళ విచారణలో గోడంత చేసి చూపించారు.”

“నా ఒక్కడిదీ కాదది. మా టీమంతా కలిసి...”

“మెచ్చుకున్నప్పుడు నీ ఒక్కడిదే కదా చిన్నా. ఈ బల్ల మీదే ల్యాప్‌టాప్ పెట్టి మీ అన్నయ్యకి చూపించావు. ‘పాతది చూడు, సంతలా ఉంది. ఇప్పుడు కొత్తది చూడు’ అన్నావు. ఆయనేమన్నారో గుర్తుందా?”

“ఇల్లు సర్దినట్టుందిరా అన్నాడు.”

“ఆ. దారిన పోయేవాళ్ళని ఆపి మరీ చెప్పుకున్నారు. మా తమ్ముడు ఆస్పత్రిని సర్దాడండీ అని.”

“ఇప్పుడవన్నీ ఎందుకు వదినా? విచారణ ఏమైంది? అన్నయ్యకి ఇంజెక్షన్ ఇచ్చిన ఆ నర్సు ఒప్పుకుందా?”

“ఒప్పుకోలేదు.”

“ఒప్పుకోదు. తప్పు నాదేనని ఎవరైనా ఒప్పుకుంటారా?”

“అదే నేనూ చూస్తున్నాను.”

“ఏంటి?”

“ఏం లేదు. విను. ఆయన పేరు కొట్టగానే పైన ఎర్ర పట్టీ వచ్చింది. ‘పడని మందులు’ అని. దాని కింద ఆ ఇంజెక్షన్ పేరు. ఎంతెంత అక్షరాలు! చివరి బెంచీలో కూర్చున్నాను, నాకే కళ్ళజోడు లేకుండా కనబడింది. ‘ఇంత పట్టీ కనబడలేదామ్మా నీకు?’ అని అడిగాడు విచారణ చేసే పెద్దాయన.”

“మరి? ఏమంది?”

“‘ఆ రోజు ఇది ఇక్కడ లేదండీ’ అంది.”

“చూశావా!”

“అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.”

“దొరికిపోయినవాళ్ళు ఏదో ఒకటి అంటారు వదినా. నువ్వు మనసులో పెట్టుకోకు.”

“ఆ రోజు అది అక్కడ లేదు చిన్నా.”

“నీకెలా తెలుసు?”

“చూశాను కాబట్టి. ఆ పొద్దున చేర్పించేటప్పుడు కౌంటర్లో అమ్మాయికి చెప్పాను, ఈ ఇంజెక్షన్ ఆయనకి పడదు, రాసుకో తల్లీ అని. రాసుకున్నానాంటీ అంది. ప్రెస్సులో ప్రూఫులు దిద్దేదాన్ని, కళ్ళతో చూడందే నాకు నమ్మకం కుదరదు. ఏదీ, ఎక్కడుంది అన్నాను. మానిటర్ నా వైపు తిప్పింది. మొదటి తెరలో లేదు. కిందికి జరిపింది. అక్కడ ‘ఇతర వివరాలు’ అని బూడిదరంగులో చిన్న మాట. దాన్ని నొక్కితే ఇంటి చిరునామా, పుట్టుమచ్చలు, చేస్తున్న పని. వాటన్నిటి అడుగున, పడని మందులు.”

“ఆ రోజు నువ్వు కంగారులో ఉన్నావు వదినా.”

“కంగారెందుకు? కాలి మీద పుండుకి చేర్పించాం. ఆయన పరాచికాలాడుతున్నారు. ‘ఇతర వివరాల్లో మా ఆవిడ కూడా ఉందా, ఎక్కడో అడుగునే ఉంటుందిలే’ అని ఆ పిల్లని నవ్వించారు.”

“సర్వర్ అప్‌డేట్ అయినప్పుడు ఒక్కోసారి అమరిక మారుతుంది.”

“దానంతటదేనా?”

“దానంతటది అని కాదు...”

“మరి ఎవరు మార్చారు?”

“మారుస్తూనే ఉంటాం వదినా. అదే కదా మా పని. వాడేవాళ్ళకి వీలుగా ఉండాలని ఒకటి అటు, ఒకటి ఇటు...”

“ఎవరు మార్చారు చిన్నా?”

“నేనే.”

“పట్టీని లోపలికి తోసిందీ నువ్వే. బయటికి తెచ్చిందీ నువ్వే.”

“లోపల పెట్టమన్నది డాక్టర్లు. తెర ఇరుకుగా ఉందన్నారు. చాలామందికి ఆ గడి ఖాళీగానే ఉంటుంది. ఖాళీ గడికి నడినెత్తిన అంత చోటెందుకు అని...”

“మీ అన్నయ్య గడి ఖాళీగా లేదు.”

“తెలుసు.”

“లోపలికి తోసినప్పుడు నర్సులెవరూ ఏమీ అనలేదా?”

“ఒకావిడ ఫోన్ చేసింది.”

“ఏ ఆవిడ?”

“ఎవరో ఒక సిస్టర్. ఇప్పుడదంతా ఎందుకు?”

“ఎవరో ఒక సిస్టరా?”

“ఆవిడే వదినా.”

“ఈవిడేనా? ఇవాళ బోనులో నిలబెట్టినట్టు నిలబెట్టారే, ఆవిడేనా? ఏమంది నీతో?”

“‘బాబూ, ఆ ఎర్ర పట్టీ మళ్ళీ ముందుకి తెచ్చిపెట్టండి. మా చేతులు ఖాళీ ఉండవు, ప్రతి మనిషికీ లోపలికెళ్ళి చూడలేం’ అంది.”

“నువ్వేమన్నావు?”

“అలవాటైపోతుందమ్మా అన్నాను.”

“తెలిసి తెలిసి ఆవిడ మీదే నా చేత ఫిర్యాదు పెట్టించావు. రాసింది నువ్వు. ‘నువ్వు ఏడుస్తూ ఏం రాస్తావు వదినా, నేను రాస్తా ఇలా ఇవ్వు’ అని కలం లాక్కున్నావు. ఎంత ప్రేమ అనుకున్నాను. ‘నిర్లక్ష్యం’ అన్న మాట మూడుచోట్ల రాస్తే, రెండుచోట్ల కొట్టేసి, ఒత్తులు సరిచేసి సంతకం పెట్టాను. లోకంలో అందరి రాతల్లోనూ తప్పులు పట్టేదాన్ని. మా ఇంటివాడి రాతలో పట్టుకోలేకపోయాను.”

“నిన్ను మోసం చెయ్యాలని కాదు వదినా.”

“మరి దీన్ని మీ ఆఫీసులో ఏమంటారు? సర్దడం అంటారా?”

“అలా మాట్లాడకు.”

“ఎలా మాట్లాడను? నువ్వు ఆవలిస్తే నీ పేగులు లెక్కపెట్టగలను అనుకునేదాన్ని. ఎప్పుడు మార్చావో కూడా నేను చెప్పనా? ఆయన్ని తెచ్చి ముందుగదిలో పడుకోబెట్టిన పూట. అందరూ ఏడుస్తున్నారు. నువ్వు మూల కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచావు. పాపం, చుట్టాలకి కబుర్లు పంపుతున్నాడు అనుకున్నాను. గొంతు ఎండిపోతుందని లేచి నీకు మంచినీళ్ళిచ్చాను. అప్పుడేనా?”

“అవును వదినా. అప్పుడే.”

“సరే. రేపు మళ్ళీ కూర్చుంటున్నారు. రేపే తేల్చేస్తారట. నువ్వు నాతో వస్తున్నావు.”

“వచ్చి?”

“ఆ రోజు పట్టీ అక్కడ లేదు, తర్వాత నేనే పైకి తెచ్చాను అని చెప్తావు. అంతే.”

“ఉద్యోగం పోతుంది.”

“ఆవిడది పోవట్లేదా? ఉద్యోగమొక్కటే కాదు, ఇక ఏ ఆస్పత్రీ గడప తొక్కనివ్వదట. మనిషిని చంపింది అన్న పేరుతో బతకాలి. బయటికొచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. ‘ఎలా చూడలేకపోయానో నాకూ తెలియడం లేదమ్మా’ అంది. అందరూ కలిసి అంటుంటే, నిజంగానే తన కళ్ళు మోసం చేశాయేమో అనుకుంటోంది ఆ పిచ్చితల్లి.”

“నువ్వు చూశావు కదా, నువ్వే చెప్పు. నీ మాట నమ్ముతారు.”

“నమ్మరు. మొగుడు పోయిన మనిషి, మతి చెదిరింది అంటారు. ఇందాక నువ్వనలేదూ, కంగారులో ఉన్నానని?”

“అన్నయ్య తిరిగొస్తాడా వదినా, ఇదంతా చేస్తే?”

“ఆ మాట నేననాలి. నువ్వు కాదు.”

“నేను రాలేను.”

“రాకపోతే మానెయ్యి. నువ్వే ఒకసారి చెప్పావు, తెర మీద చుక్క జరిపినా ఎవరు జరిపారో, ఏ రోజు ఏ వేళ జరిపారో మీ కంపెనీ కంప్యూటర్లో పడి ఉంటుందని. అది తెప్పించండి అని నేనే లేచి అడుగుతాను.”

“వద్దు.”

“ఎందుకొద్దు?”

“గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తేకు వదినా. నీకు దండం పెడతాను. అదొక్కటీ అడగొద్దు.”

“ఆయన పోయాక మార్చావని తేలుతుంది. ఆవిడ గట్టెక్కుతుంది. నీకేదో శిక్ష వేస్తారు, వెయ్యనీ. నువ్వు ఎక్కడుంటే అక్కడికి నేనే క్యారేజీ పట్టుకొస్తాను. నీకు జడుపు జ్వరమొస్తే పక్కలో పడుకోబెట్టుకున్నదాన్ని. మీ అన్నయ్య పోయారని నిన్నూ పోగొట్టుకుంటానా?”

“పోయాక కాదు.”

“ఏంటి?”

“అన్నయ్య పోయాక మార్చలేదు.”

“ఇప్పుడే కదా అవునన్నావు?”

“నువ్వనుకున్నదే నయమనిపించింది. ఒప్పేసుకున్నాను.”

“మరి ఎప్పుడు?”

“ఆ రోజే. మధ్యాహ్నం.”

“ఆయన ఉండగానా?”

“ఊఁ.”

“ఆగు. అయితే సాయంత్రం ఆయన ప్రాణం తీసిన ఆ రెండో ఇంజెక్షన్ ఇచ్చేటప్పటికి పట్టీ పైనే ఉందన్నమాట. నర్సు అబద్ధమాడిందా?”

“లేదు. వార్డులో కంప్యూటర్ పొద్దున తెరిస్తే ఇక ముయ్యరు. అప్పుడు తెరిచిన పేజీయే అలా ఉండిపోతుంది. మూసి మళ్ళీ తెరిస్తేనే మేం మార్చింది కనబడుతుంది. ఆ సంగతి నాకు తట్టలేదు. నా దగ్గర కనబడింది కదా, వాళ్ళకీ కనబడుతుంది అనుకున్నాను. ఆ పూట మూల కూర్చుని చూస్తున్నది అదే వదినా. వాళ్ళకెందుకు కనబడలేదా అని.”

“నాకు అర్థం కావట్లేదు. మధ్యాహ్నం నీకు దాంతో ఏం పని పడింది? ఎవరు మార్చమన్నారు?”

“ఎవరూ అనలేదు.”

“మరి?”

“మొదటి ఇంజెక్షన్ తర్వాత అన్నయ్యకి దద్దుర్లు లేచాయి కదా.”

“లేచాయి. నేను బట్టల కోసం ఇంటికొచ్చి తిరిగెళ్ళేసరికి మెడంతా కందిపోయి ఉంది. ఆయన మగతగా ఉన్నారు. వేడి చేసిందిలెండి అన్నాడు డాక్టరు. ఎందుకో ఎవరికీ తెలియలేదు.”

“నాకు తెలిసింది.”

“ఏం తెలిసింది?”

“అన్నయ్య పేరు కొట్టాను. ఇతర వివరాలు నొక్కాను. చూశాను.”

“రెండోది ఇంకా ఇవ్వలేదప్పటికి.”

“ఇవ్వలేదు.”

“నీకు తెలుసు.”

“చెప్తే, ఎందుకు కనబడలేదు అని అడుగుతారు. కనబడకుండా చేసిందెవరు అని అడుగుతారు. పట్టీ పైకి తెచ్చేస్తే వాళ్ళే చూసుకుంటారు, రెండోది ఆపేస్తారు, ఎవరికీ ఏమీ తెలియకుండా పోతుంది అనుకున్నాను. అన్నయ్యని బతికించాలనే మార్చాను వదినా. ఒట్టు.”

“నోరుంది కదా చిన్నా నీకు. ఆఫీసు నుంచి వార్డుకి ఒక్క ఫోను. ఆ మందు ఇవ్వకండి. ఇంతే కదా మాట.”

“ఆఫీసులో లేను.”

“ఆఫీసు నుంచే పరిగెత్తుకొచ్చానన్నావు.”

“అది సాయంత్రం. అన్నయ్య పోయాడని నువ్వు ఫోన్ చేశాక.”

“మధ్యాహ్నం ఎక్కడున్నావు మరి?”

“నువ్వు బట్టల కోసం వెళ్ళినప్పుడు వచ్చి, తిరిగొచ్చేలోపే వెళ్ళిపోయాను. అన్నయ్య మంచం పక్కనే కూర్చుని మార్చాను. ఆయన మెడ గోక్కుంటూ ‘ఏం చేస్తున్నావురా’ అని అడిగాడు. ‘ఏం లేదన్నయ్యా, ఆఫీసు పని’ అన్నాను.”