కింది బెర్తు కావాలా అని అడిగే కుతుబుద్దీన్ గారు

1988 జూలై పదకొండో తేదీ, సోమవారం ఉదయపు షిఫ్టులో, గోదావరిఖనిలోని ఒక భూగర్భ గనిలో రానివారి స్థానంలో పనిచేసే బదిలీ కార్మికుడిగా శ్రీ మహమ్మద్ కుతుబుద్దీన్ గారు ఉద్యోగ ప్రవేశం చేశారు. అదే రోజు, అదే హాజరు పుస్తకంలో, వారికి ఒక్క గీత కింద సంతకం చేసినవాడు ఈ వ్యాసం రాస్తున్న నర్సింగం. సన్మాన సంచికలో అబద్ధమాడటం ఇష్టం లేక ముందే ఒప్పుకుంటున్నాడు: సీనియారిటీలోనూ, జనం మన్ననలోనూ ముప్పై ఏడేళ్లుగా అతడు ఆ గీత కిందే ఉండిపోయాడు.

1995లో గనిలో నడుము దెబ్బతిని ఉపరితల విధులకు మారిన కుతుబుద్దీన్ గారు, శ్రీరాంపూర్‌లో హాజరు గుమాస్తాగా పదమూడేళ్లు నిష్కళంక సేవలందించి, 2008లో మన కార్యాలయపు ప్రయాణ బిల్లుల విభాగానికి విచ్చేశారు. నర్సింగం అప్పటికి రెండేళ్లుగా అక్కడే ఉన్నాడు. నెల తిరక్కుండానే కార్మికులు అతని బల్ల దాటుకొని పక్క బల్లకు పోసాగారు. డ్యూటీకి ముందే స్కూటరు మీద రామగుండం స్టేషనుకు వెళ్లి, టికెట్ కిటికీ ముందు వరుసలో నిలబడి, ఎవరో ఒక కార్మికుని రిజర్వేషన్ ఫారంతో టికెట్ తేవడం కుతుబుద్దీన్ గారి నిత్యకృత్యమైంది.

నర్సింగానికి కడుపు మండింది. 2019లో క్రెడిట్ కార్డు తీసుకుని, కుర్చీలోంచి లేవకుండా ఆన్‌లైన్‌లో రెండు నిమిషాల్లో టికెట్ తీసి చూపించాడు. కోల్‌కట్టర్ కొమురెల్లి ముచ్చటపడి ఇంటిల్లిపాదికీ ఆరు టికెట్లు తీయించుకున్నాడు. తీరా బుకింగ్ రుసుము, కార్డు మీది అదనపు వసూలు కలిపిన ఆ బిల్లు పక్క బల్లకు చేరింది. కార్మికునికి కంపెనీ తిరిగి చెల్లించేది టికెట్ ధర వరకే అన్నది నిబంధన కనుక, కుతుబుద్దీన్ గారు ఆ రెండింటినీ ఎర్రసిరాతో కొట్టేశారు.

“నర్సింగమన్నా, నీ కార్డు జల్ది పనిచేస్తది గని, మీద వడ్డ పైసలు ఎవలిస్తరే?” అని కొమురెల్లి అందరి ముందే అడిగాడు.

రుసుము తప్పుతుందనే జనం ఆయన దగ్గరికి పోతున్నారని నర్సింగం తనను తాను సముదాయించుకున్నాడు. ఇంట్లోనైనా తన కార్డుకు విలువ ఉంటుందనుకున్నాడు. మొన్న మార్చిలో తిరుపతి ప్రయాణం అనుకోగానే జేబులోంచి కార్డు తీశాడు.

“నా ఫారం కుతుబన్నకిచ్చిన,” అంది భార్య యమున.

“ఇంట్ల కార్డు వెట్టుకొని ఆయనెందుకే? నాలుగు పైసలు మిగుల్తయనా?”

“పైసలకు గాదయ్యా. పోయినేడు నన్ను పై బెర్తుల పడేసినవు, యాదికున్నదా? దిగరాక ఏడ్చిన. కుతుబన్న ఫారం రాసుకుంట, ‘చెల్లె, మోకాళ్లు నొస్తున్నట్టున్నయి, కింది బెర్తు కావాల్నా?’ అని అడిగిండు. నువ్వు ఒక్కనాడన్న అడిగినవా?”

నర్సింగానికి ఆ పూట అన్నం సయించలేదు. రుసుము దగ్గర ఓడిపోతే ఫికర్ లేదు. ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఓడిపోవడం మాత్రం ఇప్పటికీ మింగుడుపడలేదు.

ఈ నెలాఖరున పదవీ విరమణ పొందుతున్న కుతుబుద్దీన్ గారు సతీమణి ఖాతూన్ గారితో అజ్మీర్ యాత్ర తలపెట్టారని తెలిసి, వారి టికెట్లు తానే తీస్తానని నర్సింగం పట్టుబట్టాడు. కార్డు ఇంట్లో పెట్టి, సెలవు పెట్టి, వరుసలో రెండు గంటలు నిలబడ్డాడు. ఫారంలో ఇద్దరికీ కింది బెర్తులని రాశాడు. కిటికీ వెనక ఉద్యోగిని ఆ పేరు చూడగానే, “కుతుబుద్దీన్ సాబ్ రాలేదేంది? పానం మంచిగున్నదా?” అని ఆరా తీసింది. వరుసలో వెనకున్న ఇద్దరు కూడా అదే అడిగారు. నిలబడి లాగేసిన కాళ్లు నర్సింగానివి, పరామర్శ మాత్రం వారికి!

కావున కుతుబుద్దీన్ గారు ఖాతూన్ గారితో ఆయురారోగ్యాలతో, కింది బెర్తులలో హాయిగా, కోరిన ఊళ్లన్నీ తిరిగిరావాలని నర్సింగం మనసారా ఆకాంక్షిస్తున్నాడు. ఆ కిటికీ దగ్గర ఒక్కరైనా “నర్సింగం రాలేదేంది?” అని అడిగే రోజును వారు కళ్లారా చూసేదాకా చల్లగా ఉండాలి. నర్సింగం తన సంగతి తానెరుగును కనుక, అందుకు తక్కువలో తక్కువ ఇంకో నలభై ఏళ్లు పడుతుంది.