కనకాంబరాల మడి దాకా వచ్చిన రైలు

పెదపాడులో ఒక ఇంటి పెరట్లో, రైల్వేలో పట్టాల పని చేసి రిటైరైన ఆయన బొమ్మరైలు మార్గం కోసం తాడుతో గుర్తు కట్టుకుని నేల తవ్వుతున్నాడు. భార్య మెట్టు మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

“ఏవండీ, బొమ్మరైలుకి మోకాలి లోతు గొయ్యి ఎందుకండీ?”

“వీడియోలో చూపించారు. చలికి నేల గడ్డకట్టి ఉబ్బుతుందంట. కింద కంకర లోతుగా వేయకపోతే పట్టాలు పైకి లేస్తాయి.”

“ఏ ఊళ్లో?”

“కెనడాలో.”

“పెదపాడులో మంచు ఎప్పుడు పడుతుందో చెప్పండి, దుప్పట్లు తీసిపెడతాను.”

“నవ్వకు. మన రేగడి మాత్రం తక్కువదా? వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. మన స్నానాల గది గోడ పగిలింది అందుకే కదా.”

“అది నిజమే. మరి ఆ తాడు నా కనకాంబరాల మడి మీదుగా కట్టారేంటండీ?”

“మలుపు అక్కడే తిరగాలి. ఇంకా ఇరుకు చేస్తే రైలు పడిపోతుంది.”

“లైను మీద పని చేయాలంటే ముందు స్టేషన్ మాస్టర్ని అడిగి బ్లాక్ తీసుకోవాలని, ఆ కాసేపు రైళ్లు ఆపేస్తారని మీరే చెప్పేవారు. ఇక్కడ ఎవర్ని అడిగారు?”

“ఇప్పుడు అడుగుతున్నాను కదా, మాస్టారు గారూ.”

“ఆదివారం చర్చికి పూలు కోసుకున్నాక ఇస్తాను బ్లాక్. మొక్కల్ని వేళ్లతో సహా తీసి, గోడ పక్కన నాటాలి.”

“నాటుతాను.”

“ఎంతసేపు పడుతుందండీ?”

“సాయంత్రం దాకా.”

“ఉద్యోగంలో ఉన్నప్పుడూ అలాగే చెప్పి వెళ్లేవారు. తెల్లారాక వచ్చేవారు.”

“ఇది పెరట్లో పనే కదా. ఎక్కడికి పోతాను?”

“అందుకే బ్లాక్ ఇస్తున్నానండీ.”