ఏడో గల్లీ పేరెత్తని పిల్ల

ఫొటోలకెల్లి గట్ల జూడకయ్యా. దండ వాడిపోయిందనే గదా కోపం? మారుస్తా. ముందు నా మాట విను. నాలుగు రోజుల సంది ఎవ్వరికీ చెప్పుకోలేక సస్తున్న.

నీ బిడ్డ మయూరి లేదూ, శుక్రవారం బడోళ్లతోని జంతువుల పార్కుకు పోయింది. పంపకుంటే ఏడుస్తది, పంపితే నాకు గుండె దడ. రెండు సీసాల నీళ్లు, చపాతీలు, పైకెల్లి స్వెట్టర్ గూడ పెట్టిన. "ఎండల స్వెట్టరేందే పిచ్చిదానా!" అని పక్క ఖోలీల ఉండే రాజవ్వ ఒకటే నవ్వుడు. నవ్వనీ.

సాయంత్రం బడి గేటు కాడ నిలవడ్డ. బస్సొచ్చింది. అందరు దిగిన్రు. మనది దిగలే.

"పిల్లల లెక్క సరిపోయిందే, బాయీ!" అంటది టీచరమ్మ. ఏం సరిపోయింది? నా బిడ్డేది? ఆమెను టాక్సీల ఎక్కిచ్చుకొని మళ్ల గా పార్కుకే ఉరికిన. తొవ్వంత ఏ దేవుణ్ణి మొక్కలేదనుకున్నవ్!

వింటున్నవా?

పిల్ల చిరుతపులి బోను ముందల నిలవడి ఉంది. చేతుల బిస్కెట్ పాకెట్, ఇప్పలే. పక్కన వాచ్‌మన్. మంచోడే పాపం. మూడు గంటల సంది మరాఠీల అడిగిండంట, హిందీల అడిగిండంట, ఇల్లెక్కడ బేటీ అని. నోరు తెరిస్తే గదా! బడికి ఫోన్ చేస్తే ఎవ్వరెత్తలే. మెడల కార్డు మీది నంబర్‌కు చేసిండు. ఏడుసార్లు చేసిండంట.

నీ నంబరయ్యా అది. నువ్వు పోయి రెండేండ్లాయె, నేనే మార్పియ్యలే. తండ్రి లేని పిల్ల అని బడిల తెల్వొద్దనుకున్న. ఏడుసార్లూ ఫోన్ గా నంబర్ లేదనే చెప్పిందంట.

మరి కార్డు మీద అడ్రస్ లేదా అంటవ్. ఉంది. వట్టి గ్రాంట్ రోడ్ అని, మన దగ్గరి స్టేషన్ పేరే ఉంది. గంతే.

కోపం జేయకు. నీకు తెల్వకుండ రాసిన. మొదటి బడిల నువ్వేం జేసినవ్? "కామాటిపుర, ఏడో గల్లీ! పాలమూరు కెల్లి మా తాత వచ్చి రాళ్లు మోసిండు, మా కామాటోళ్ల పేరే గీ జాగకు" అని అందరి ముందల ఛాతీ ఇరుసుకొని చెప్పినవ్. పక్కనున్న ఆమె తన పిల్లను దగ్గరికి గుంజుకుంది. నువ్వు జూడలే. నేను జూసిన. నీకది తాతల జాగ, లోకానికి ఒళ్లమ్ముకునేటోళ్ల గల్లీ. సీటు లేదన్నరు, యాదికుందా? రెండో బడిల ఫారం నేను నింపిన. పిల్లకు గూడ నూరిపోసిన. ఎవరడిగినా, సచ్చినా, గల్లీ పేరు తియ్యొద్దు బిడ్డా అని.

అది తియ్యలే.

నన్ను జూసి ఉరికొచ్చింది. ఏడుస్తదనుకున్న. చెవుల నోరు వెట్టి ఏమన్నదో ఎరికేనా? "మమ్మీ, ఎంతడిగినా చెప్పలే."

లెంపలేసుకోవాల్సింది నేను. కానీ టీచరమ్మ పక్కనే ఉండె. నా నోట్లకెల్లి ఏమొచ్చిందో చెప్పాల్నా?

శభాష్ అన్ననయ్యా. శభాష్ బిడ్డా అన్న.

గా నాటి సంది ఇంట్ల మాటలు తక్కువైనయ్. ఏం జూసినవే పార్కుల, నెమలి జూసినవా, జింక జూసినవా అంటే పలుకది. అన్నం ముందల వెట్టుకొని నా దిక్కు జూస్తది. గట్లనే, రెప్ప కొట్టకుండ, నీ లెక్కనే.

అందుకే చెప్తున్న. నువ్వన్నా గట్ల జూడకు.