లెమ్యూల్ ఎడమచెయ్యి

“పాటల పెట్టా? కబేళా కార్మికుల సంఘం డాన్సుకి పాటల పెట్టా? నాణెం వేస్తే పాడి, వెయ్యకపోతే మూగనోము పట్టే ఆ చెక్క బీరువానా? ఒరే టిబ్స్, నేనింకా బతికే ఉన్నానురా!”

లెమ్యూల్ పెట్వే చేతిలో చేపముక్క ఉంది. దాన్ని గాల్లో ఒక తిప్పు తిప్పి నోట్లో వేసుకున్నాడు. శనివారం మధ్యాహ్నం పూట షికాగో దక్షిణపు వాడలో ఉండి, ఆర్జెల్లా చేపల వేపుడు కొట్టుకి రానివాడు ఒంట్లో బాగాలేనివాడైనా అయ్యుండాలి, చర్చి పెద్దైనా అయ్యుండాలి. ఆ రోజు కొట్టులో నేనూ, లెమ్యూలూ, హోసియా, సంఘం కార్యదర్శి టిబ్స్, పొయ్యి దగ్గర ఆర్జెల్లా. మూల ఒక పాత పియానో. దాని నెత్తిన కారం సీసాలు.

లెమ్యూల్ మా వాడ పియానోగాడు, బూగీ వాయించే బ్యాండుకి పెద్ద. బూగీలో ఎడమచెయ్యి రైలింజనులా ఒకే నడక నడుస్తూ ఉంటుంది, కుడిచెయ్యి దాని మీదెక్కి అల్లరి చేస్తుంది. ఎడమచెయ్యి ఆగిందా, డాన్సు ఆగినట్టే. హాళ్ళన్నీ ఒక్కొక్కటే బ్యాండుల్ని పంపేసి పాటల పెట్టెలు పెట్టించుకున్నాయి. మిగిలింది ఈ ఒక్క సంఘం డాన్సు. ఇది కూడా పోతే లెమ్యూల్ బ్యాండుకి గతి పెళ్ళిళ్ళూ దినాలే. దినాల్లో బూగీ వాయించనివ్వరు.

“నీ మీద కోపం కాదు బాబాయ్,” అన్నాడు టిబ్స్ టోపీ మోకాలి మీద పెట్టుకుని. “పాట మధ్యలో నువ్వు లేచి జనంలోకి పోతావని, కబుర్లలో పడతావని కుర్రాళ్ళు అంటున్నారు. పెట్టెకి ఆ గొడవ లేదు. అది ఆగదు.”

“నేను లేస్తాను. ఎవడు కాదన్నాడు? నా ఎడమచెయ్యి ఆగిందా? ఈ ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి ఆగిందా? అడుగు, ఈ హోసియాగాణ్ణడుగు!”

హోసియా చిన్నప్పట్నుంచీ లెమ్యూల్ స్నేహితుడు. లెమ్యూల్ చెప్పేదాన్ని నమ్మకపోవడమే అతని వృత్తి. “నేను డాన్సు చేస్తుంటాను గదరా, నీ చెయ్యెవడు చూశాడు?” అన్నాడు.

“విను మరి. టెక్సాసు అడవుల్లో నేను కుర్రాణ్ణి, మీసం కూడా సరిగ్గా రాలేదు, చెట్లు కొట్టే కూలీల మకాం అది, రైలుపెట్టెలోనే పియానో, రైలుపెట్టెలోనే సారా, రైలుపెట్టెలోనే కొట్లాట. పియానోవాడన్నవాడు తలుపుకి వీపు పెట్టి కూర్చోకూడదు, అది అక్కడ మొదటి పాఠం, వెనకనించి ఎవడొస్తాడో ఏం తెస్తాడో తెలీదు గదా. సరే, శనివారం మధ్యాహ్నం మొదలెట్టాను. ఆదివారం చర్చి గంట కొట్టేదాకా ఎడమచెయ్యి తియ్యలేదు. ఆకలేసింది, కుడిచేత్తో తిన్నాను. ముక్కు దురదేసింది, కుడిచెయ్యి. ఒకడు కత్తి తీశాడు, వాడికీ కుడిచెయ్యే. ఎడమది మాత్రం తల వంచుకుని తన పని తాను చేసుకుంటూ పోయింది.”

“ఇంతవరకూ నమ్మొచ్చు,” అన్నాడు హోసియా.

అదే తప్పయింది. లెమ్యూల్ని కాస్త నమ్మామంటే చాలు, చంకనెక్కి కూర్చుంటాడు.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? అక్కణ్ణించి షికాగో బయల్దేరాను. రైల్లో సామాన్ల పెట్టెలో ఎవరిదో పియానో పోతోంది. ఊరికే కూర్చోలేను గదా, మొదలెట్టాను. ఇంజను డ్రైవరు విన్నాడు. ఇంజనూ విన్నది. అంతవరకూ అది కుంటుకుంటూ నడుస్తోంది పాపం, నా ఎడమచెయ్యి పట్టుకుని నడక నేర్చుకుంది. దార్లో బొగ్గు అయిపోయింది. అయినా ఆగలేదు! బొగ్గు పోసేవాడు పార పక్కన పడేసి డాన్సు చేస్తున్నాడు. గార్డు ఏడుస్తూ వచ్చి నా కాళ్ళు పట్టుకున్నాడు, అయ్యా కొంచెం నెమ్మదిగా వాయించండి, మనం బుధవారం బయల్దేరాం, ఇలా పోతే మంగళవారమే చేరిపోతాం, ఒకరోజు జీతం పోతుంది నాకు అని.”

“చేరారా?” అడిగాడు టిబ్స్. నవ్వు ఆపుకోడానికి చేపముక్క కొరికాడు.

“సోమవారం చేరాం.”

“అబద్ధమాడినా అతికినట్టుండాలిరా లెమ్మూ,” అన్నాడు హోసియా.

“అతకదని ఎవడన్నాడు? స్టేషన్లో దిగితే నన్ను తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. ఎందుకు రాలేదు? నేనింకా బయల్దేరలేదు గనక! ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?”

ఆర్జెల్లా మొక్కజొన్న పిండిలో చేప పొర్లిస్తూ వెనక్కి తిరక్కుండా అంది: “మూడంతస్తుల కథ చెప్పు లెమ్. టిబ్స్ విన్లేదు.”

“ఆఁ, అద్దె పార్టీ! అప్పట్లో అద్దె కట్టలేనివాళ్ళు ఇంట్లో పార్టీ పెట్టి, వచ్చినవాళ్ళ దగ్గర గుమ్మంలో చిల్లర పుచ్చుకునేవాళ్ళు గదా. జనం నిలబడాలంటే పాట ఆగకూడదు. ఆగితే జనం పక్కింటి పార్టీకి పోతారు. అందుకే పియానో బల్ల ఎప్పుడూ ఖాళీ అయ్యేది కాదు. ఒకడు అలిసిపోయాడంటే ఇంకొకడు వచ్చి ఎడంవైపు దూరి కూర్చునేవాడు, ముందు ఎడమచెయ్యి పాట అందుకునేవాడు, అప్పుడు మొదటివాడు కుడివైపు నించి జారుకునేవాడు. వినేవాడికి మనిషి మారినట్టే తెలీదు. ఆ మర్యాదలన్నీ మామూలు పియానోగాళ్ళకి. నాకా? నాకు మార్పిడి మనిషి దేనికి?”

ఆర్జెల్లా గరిటె ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ నూనెలో పడింది.

“మూడో అంతస్తులో మొదలెట్టాను. జనం ఎగిరిన ఎగురుడికి నేల దిగబడింది. మేం రెండో అంతస్తుకి వచ్చాం, పియానోతో సహా. నేను వాయిస్తూనే ఉన్నాను. అక్కడివాళ్ళు భోజనం చేస్తున్నారు, కంచాలు పక్కన పెట్టి లేచారు. అదీ దిగబడింది. కిందింట్లో ఒక ముసలామె మంచం పట్టి ఏళ్ళయింది, ఆవిడ లేచి నా ముందు గౌను ఎత్తిపట్టి గిర్రున తిరిగింది! ఇంటాయన అద్దె వసూలుకొచ్చాడు. మూడు అంతస్తులకి అద్దె అడుగుదామంటే మేడ ఒక్కటే అంతస్తు ఉంది. ఏం చేస్తాడు? టోపీ తీసి ఆయనా ఎగిరాడు.”

“మరి ఆ కప్పు మీ నెత్తిన పడలేదా?” అడిగాడు టిబ్స్.

“అది కూడా తాళం ప్రకారమే దిగిందయ్యా!”

ఇక పట్టపగ్గాల్లేవు. చలికాలంలో సరస్సు గడ్డకట్టిందట, ఒడ్డున హాలు తలుపులన్నీ తీసి వాయించాడట, మంచు కింద చేపలు లయ తప్పకుండా తోకలు కొట్టీ కొట్టీ మంచు పగలగొట్టుకుని బయటికొచ్చాయట. “ఆ చేపలేనా ఇవి?” అని హోసియా తన పళ్ళెం చూపించాడు. “వీటి ముత్తాతలు,” అన్నాడు లెమ్యూల్. “అందుకే ఆర్జెల్లా పెనంలో ఇలా గెంతుతాయి.”

టిబ్స్ కళ్ళు తుడుచుకున్నాడు. అయినా టోపీ మోకాలి మీంచి తియ్యలేదు. “కథలు బాగున్నాయి బాబాయ్. కానీ నేను డాన్సు చేయించాలి, కథలు చెప్పించడం కాదు.”

లెమ్యూల్ మొహంలో రంగు మారింది. ముందుకి వంగి, గొంతు తగ్గించి, ఉన్నవాటిలోకెల్లా పెద్దది తీశాడు.

“అయితే ఇది విను. ఇది ఎవరికీ చెప్పలేదు. ఒకసారి వాయిస్తున్నాను, జనం కిటకిటలాడుతున్నారు, నాకు విసుగేసింది. లేచాను. జనంలోంచి నడిచాను. బయటికి వచ్చాను. సిగరెట్టు కాల్చాను. వీధి చివరికి పోయి క్షౌరం చేయించుకున్నాను, ఆ మంగలి నెమ్మదస్తుడు కూడానూ. తిరిగొచ్చేసరికి ఏమైందో తెలుసా? నా ఎడమచెయ్యి ఇంకా వాయిస్తూనే ఉంది!”

మేం ముగ్గురం పడీపడీ నవ్వాం. హోసియా బల్ల మీద గుద్దిన గుద్దుకి కారం సీసా దొర్లింది. చెయ్యి పియానో దగ్గర వదిలేసి క్షౌరానికి వెళ్ళిన మనిషి! 

ఆర్జెల్లా నవ్వలేదు. పెనం పక్కకి లాగి మా వైపు తిరిగింది.

“మిగతావి ఏమో గానీ, ఆ ఒక్కటీ నిజం,” అంది.

“ఏంటక్కా, నువ్వు కూడానా?” అన్నాడు టిబ్స్.

“లెమ్, పియానో దగ్గర కూర్చో. ఆ రైలు కథ మళ్ళీ చెప్పు. ఈసారి వాయిస్తూ చెప్పు.”

లెమ్యూల్ నవ్వాడు గానీ, అది మేం ఎరిగిన నవ్వు కాదు. కారం సీసాలు కిందికి దించాం. కూర్చున్నాడు. మొదలెట్టాడు. ఏం చెప్పను, అద్భుతం! టిబ్స్ బూటు బల్ల కింద దానంతటదే ఆడింది.

“బాబాయ్, ఇంతకీ ఆ రైలు ఏ రంగు?” అడిగాడు టిబ్స్.

“ఆకుపచ్చ,” అన్నాడు లెమ్యూల్. ఎడమచెయ్యి ఆగిపోయింది.

మళ్ళీ అందుకున్నాడు. “గార్డు పేరేంటిరా?” అన్నాడు హోసియా. “వాడి పేరు...” చెయ్యి మళ్ళీ ఆగింది. అతని నోరు కదిలితే ఆ చెయ్యి కదలదు. ఇన్నేళ్ళ స్నేహంలో ఈ సంగతి మాకు తెలీకపోవడమే వింత. మేం నవ్వుతున్నాం, అతను చేతుల వైపు చూసుకుంటున్నాడు.

టిబ్స్ లేచి టోపీ పెట్టుకున్నాడు. “పెట్టెవాడికి కబురు పంపుతాను బాబాయ్. ఏమనుకోకు.”

నాకు నవ్వు పోయి జాలేసింది. ఎన్ని కోతలు కోసినా, మా పెళ్ళిళ్ళలో మేం ఎగిరింది లెమ్యూల్ పాటకే. రేపట్నుంచి చెక్క బీరువా ముందు ఎగరాలి.

ఆర్జెల్లా చేతులు తుడుచుకుని పియానో దగ్గరికి వచ్చింది. “జరుగు,” అంది. లెమ్యూల్ అటు చూడకుండానే కుడివైపు జరిగాడు, రోజూ చేసే పనిలా. ఆమె ఎడంవైపు కూర్చుంది. వేళ్ళకి పిండి అలాగే ఉంది. వాయించింది.

కిటికీ గాజు పలకలు అదిరాయి. అది మా ఎరుకలో ఉన్న పాట. ఇన్నేళ్ళూ మా కాళ్ళని ఆడించింది అదే. కాసేపు లెమ్యూల్ కుడిచేత్తో దాని మీద అల్లరి చేశాడు, తర్వాత అలవాటు ప్రకారం లేచి, మా వైపు తిరిగి, “ఆ తర్వాత ఏమైందో తెలుసా?” అన్నాడు. పాట ఆగలేదు. రైలు రంగు చెప్పాడు, గార్డు పేరు చెప్పాడు, గార్డు పెళ్ళాం పేరు కూడా చెప్పాడు. పాట ఆగలేదు.

హోసియా నోరు తెరిచాడు. “డాన్సుల్లో పియానో బల్ల మీద, తలుపుకి వీపు పెట్టి కూర్చునే ఆ టోపీ కుర్రాడు... ఎవడో కొత్తవాడు, పాఠం తెలీనివాడు అనుకునేవాణ్ణి!”

“మా అమ్మ చర్చిలో పాటల పెద్ద,” అంది ఆర్జెల్లా వాయిస్తూనే. ఆమెకి మాట్లాడితే చెయ్యి ఆగే జబ్బు లేదు. “ఈ పాట సైతానుది అనేది. నా మొహం చూస్తే ఎవడో ఒకడు ఆవిడకి చేరేసేవాడు. మా అన్న టోపీ పెట్టుకుని వీపు తిప్పి కూర్చునేదాన్ని. లెమ్ అటు లేవబోతుంటే నేను ఇటు దూరేదాన్ని. మీరందరూ మాట్లాడేవాణ్ణి చూసేవాళ్ళు.”

“మరి అమ్మ పోయాక చెప్పొచ్చుగా అక్కా?” అన్నాడు టిబ్స్.

“లెమ్ తనే చెప్తాడేమో అని చూశాను.”

టిబ్స్ టోపీ తీసి మేకుకి తగిలించాడు. “పెట్టె వద్దులే. మీరిద్దరూ రండి, బ్యాండుని తీసుకురండి. గోడల మీద కాగితాలు అంటించాలి, ఎవరి పేరు వెయ్యమంటారు?”

“ఇంకెవరి పేరు?” లెమ్యూల్ రొమ్ము విరుచుకున్నాడు. “లెమ్యూల్ పెట్వే, అతని ఆగని ఎడమ...”

పాట ఆగింది.

పెనంలో నూనె సద్దు ఒక్కటే వినిపిస్తోంది. ఆర్జెల్లా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లెమ్యూల్ ఆమెని చూశాడు, మమ్మల్ని చూశాడు, మేకుకున్న టోపీని చూశాడు.

“ఆర్జెల్లా టాలివర్,” అన్నాడు చివరికి.

“వీధిలోకి వినపడలేదు,” అంది ఆమె.

“ఆర్జెల్లా టాలివర్! ఆర్జెల్లా టాలివర్, ఆమె బ్యాండు!” అని అరిచాడు. తర్వాత గొంతు తగ్గించి, “అడుగున నా పేరు కూడా వేస్తావు గదూ టిబ్స్? చిన్నక్షరాలైనా పర్లేదు,” అన్నాడు.

టిబ్స్ ఆర్జెల్లా వైపు చూశాడు. ఆమె తలూపింది. ఎడమచెయ్యి మళ్ళీ అందుకుంది.

లెమ్యూల్‌కి ప్రాణం లేచొచ్చింది. ఒక్క క్షణంలో మనిషి మామూలైపోయాడు. “అసలు ఆర్జెల్లాకి ఈ పాట ఎలా వచ్చిందో తెలుసా? ఒకసారి నేను...”

“లెమ్,” అంది ఆర్జెల్లా వెనక్కి తిరక్కుండానే.

లెమ్యూల్ వెళ్ళి ఆమెకి కుడివైపు కూర్చున్నాడు. నోరు మూసుకుని వాయించాడు.