ఆగస్టులో దిగిన దొర

ఇంగ్లండులో ఒక కౌంటీ క్రికెట్ మైదానంలో ఆటకింకా గంట టైముంది. జీతానికి ఆడేవాళ్ల గదిలో కుర్రాడు బూట్ల లేసులు బిగించుకుంటుంటే, జట్టులో పెద్దవాడు వచ్చి పక్కన కూలబడ్డాడు.

"విప్పెయ్‌రా ఆ బూట్లు."

"అదేంటన్నా? మొన్న డెబ్బై కొట్టాను కదా."

"కొట్టావు, కాదన్నదెవరు? ఆగస్టొచ్చింది. కాలేజీకి సెలవులిచ్చారని పెల్హామ్ దొరగారు దిగారు. సరదాకి ఆడే దొరలొస్తే జీతగాళ్లం లేచి చోటివ్వాల్సిందే. ఏటా ఇదే వరస."

"మళ్లీ ఎప్పుడు పిలుస్తారు?"

"వచ్చే ఏడు నిన్ను పెట్టుకోరట. ఆ మాట నన్ను చెప్పమన్నారు."

"అయితే మూడాటలతో సరి."

కుర్రాడు ముడి విప్పాడు.

"ఇంకోటిరా. దొరగారు బ్యాటు రైల్లో మర్చిపోయారట. నీది అడుగుతున్నారు."

"మూలనుంది, తీసుకెళ్లు."

"గనిలో పని మానుకుని మీ నాన్న వచ్చాడుగా. వెళ్లి చెప్పరా, చెయ్యి బెణికిందని."

"ఎందుకన్నా? ఆయనకి అంత దూరంలో మొహాలు ఆనవు. బ్యాటు పిడికి తను చుట్టిన ఎర్రదారం చూసి, నేనేననుకుని చప్పట్లు కొడతాడు. ఇవాళ్టికి కొట్టుకోనీ."