మా ఆవిడ కంప్యూటర్‌కి బ్యాటరీ మార్చిన వైనం

భార్య పోయిన రెండు నెలలకి ఫిరంగి బాబాయి మళ్ళీ టీ కొట్టు బెంచీ మీద కనపడ్డాడు. ఏం మాట్లాడాలో మాకెవరికీ తోచలేదు. "పిన్ని కంప్యూటర్ అమ్మేస్తావా బాబాయ్?" అన్నాడు టైలరు, నోటికొచ్చింది అనేసి నాలిక కరుచుకుంటూ. అంతే, ఆయన గ్లాసు పక్కన పెట్టాడు.

"అమ్మడమా? దానికి నేను చేసిన ఆపరేషన్ తెలిస్తే ఆ మాట అనవు. దాని లోపల మదర్‌బోర్డు మీద నువ్వు కుట్టే కోటు బొత్తామంత బ్యాటరీ ఒకటుంటుంది టైలరూ. అది చచ్చిపోతే కంప్యూటర్‌కి మతి పోతుంది. పొద్దున్న వెయ్యగానే పదిహేనేళ్ళ కిందటి తారీఖు చూపిస్తుంది. మీ పిన్ని రోజూ పేపరు చూసి ఆ రోజు తారీఖు చేత్తో కొట్టుకుని, అప్పుడు జనాల అర్జీలూ అద్దె కాగితాలూ టైపు చేసేది. ఒకరోజు మర్చిపోయింది. పన్నెండు పేజీలు పాత తారీఖుతో అచ్చయ్యాయి. అవతలివాడు నానా మాటలూ అని పోయాడు. ఏమండీ, ఆ బ్యాటరీ మార్చండీ అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పటికప్పుడు స్క్రూడ్రైవర్ పట్టాను!"

"అప్పటికప్పుడే?" అన్నాడు టీ కాసే ఆయన.

"మరి? ఆవిడ ఏడుస్తుంటే చూస్తూ కూర్చునే రకమా నేను? ఇదిగో, వాళ్ళ తమ్ముడు ఇక్కడే ఉన్నాడు, అడగండి."

బామ్మర్దికి సందు మొదట్లో వాచీల రిపేరు కొట్టు. బెంచీ చివర కూర్చున్నాడు. టీ ఊదుకుంటున్నాడు.

"కరెంటు తీశాను, వైర్లు పీకాను, పక్క రేకు విప్పాను. విప్పీ విప్పగానే ఆ దుమ్ము చూడాలీ! కిటికీలోంచి వీధిలోకి పోయి, పట్టపగలు లారీలవాళ్ళు లైట్లు వేసుకున్నారు. లోపల మూడు తరాల సాలెపురుగులు, మనవలతో సహా కాపురం. నచ్చజెప్పి ఖాళీ చేయించేసరికి తలప్రాణం తోక్కొచ్చింది. మీ పిన్ని టార్చి పట్టుకుని పక్కనే నిలబడింది, చెయ్యి ఇంత కూడా వణకలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది బాబాయ్?" ముగ్గురం ఒకేసారి అడిగాం. ఆయన పాత గొంతు వినేసరికి మాకు ప్రాణం లేచొచ్చింది.

"చిన్న కొక్కెం ఉంటుంది. గోటితో ఇలా నొక్కానో లేదో, పాత బ్యాటరీ తుపాకీ గుండులా లేచి, కిటికీ దాటి, మూడు మేడలు దాటి, పోయే రైలుకి తగిలింది. రైలు ఆగిపోయింది! గార్డు దిగి పచ్చజెండా ఎంత ఊపినా కదలదే!"

"ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా?" అన్నాడు టైలరు, మొహం సీరియస్‌గా పెట్టి.

"నా చేతిలో ఎవరికీ దెబ్బ తగలదు. కొత్త బ్యాటరీ, అక్షరాలున్న వైపు పైకి పెట్టి, ఠక్కుమనిపించాను. కంప్యూటర్‌లో గడియారం ఏం నడకనుకున్నావు? అది చూసి మా గోడ గడియారం సిగ్గుపడి సర్దుకుంది. వీధిలో వాచీలన్నీ సర్దుకున్నాయి. మర్నాడు స్టేషన్ మాస్టరు వచ్చి, అయ్యా, తమరు టైము చెబితే రైళ్ళు వదులుకుంటాను అన్నాడు. అంతెందుకు, సూర్యుడు కూడా మా కిటికీలో తొంగిచూసి, టైమయిందా లేదా కనుక్కుని గానీ పైకి రావడం లేదు. అప్పుడు మీ పిన్ని ఏమందో తెలుసా? ఇన్నాళ్ళకి ఒక్క మాట నిలబెట్టుకున్నారండీ అని..."

"టార్చి పట్టుకుంది నేను, బావా."

బామ్మర్ది గట్టిగా ఏం అనలేదు. టీ గ్లాసులోకి చూస్తూ అన్నాడు. "అక్క పోయిన మూడో వారంలో. బ్యాటరీ కూడా నా కొట్లోదే."

బాబాయి అతని వైపు తిరిగాడు.

"పాత బ్యాటరీ పోయిన మొదటి నెలలోనే నేను మారుస్తానన్నాను బావా. అక్కే వద్దంది. ఆయన మారుస్తానన్నారు, నువ్వు ముట్టుకుంటే చిన్నబుచ్చుకుంటారు, ఉండనీ అంది."

"నువ్వు వచ్చావా? నాకు చెప్పలేదే!"

"చెప్పొద్దంది."

బాబాయి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. "రెండేళ్ళురా. రోజూ రేపు రేపన్నాను. ఐదు నిమిషాలు పట్టలేదు. అన్నాళ్ళూ పొద్దున్నే లేచి తారీఖు కొట్టుకుంది నా పరువు కోసమా?" మొహం కండువాలో పెట్టుకున్నాడు. పెద్దమనిషి అలా ఏడుస్తుంటే చూడలేకపోయాం. బామ్మర్ది లేచొచ్చి పక్కన కూర్చున్నాడు. అన్నందుకు అతనూ బాధపడుతున్నాడు.

టైలరు ఉండబట్టలేక ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు. "తర్వాత ఏమైంది బాబాయ్? స్టేషన్ మాస్టరు మళ్ళీ వచ్చాడా?"

"ఎవరూ రాలేదురా," అన్నాడు బాబాయి.